పుట్టీ దుమ్ము పీల్చిన వాక్యూమ్ క్లీనర్, దాని ఫిల్టర్లు: నా అనుభవం

పుట్టీ దుమ్ము లోపలికి పోయిన వాక్యూమ్ క్లీనర్‌లో మొదట మారేది శబ్దం. రోజూ వినే గుయ్‌మనే మోత పోయి, సన్నగా ఈల వేసినట్టు పైకి లేస్తుంది. మోటార్ మీద భారం పడి అలా అరుస్తోందని అనుకుంటాం. జరిగేది దానికి వ్యతిరేకం. గాలి రావడం తగ్గిపోయి, లోపలి ఫ్యాన్‌కి తోయడానికి ఏమీ లేక, మోటార్ ఇంకా వేగంగా తిరుగుతుంది. కరెంటు తక్కువే లాగుతుంది, అయినా వేడెక్కిపోతుంది. ఇళ్లలో వాడే చాలా మెషీన్లలో మోటార్‌ని చల్లబరిచేది కూడా ఆ పీల్చిన గాలే. ఆ గాలే లేకపోతే ఇక చల్లబడేదెలా?

హైదరాబాద్‌లో మా ఫ్లాట్‌కి జూన్ ఆఖరులో రంగులేయించాం. గోడలకి పుట్టీ పెట్టి, ఆరాక ఎమెరీ కాగితంతో రుద్దిన రోజు, చీపురుతో ఊడిస్తే దుమ్ము లేస్తోందని పనివాళ్లు మూలనున్న వాక్యూమ్ క్లీనర్ తీసి రెండు గదులు లాగించేశారు. 1400 వాట్లది, సంచీ లేని సైక్లోన్ రకం, వాడకం నాలుగేళ్లు. మూడో గదిలో దానంతటదే ఆగిపోయింది. వెనక జాలీ దగ్గర చెయ్యి పెడితే ఇస్త్రీపెట్టె పక్కన పెట్టినంత వేడి. అది కాలిపోలేదు, వేడి మించితే కరెంటు ఆపేసే థర్మల్ కటాఫ్ లోపల ఉంటుంది, అది ఆపేసింది. ఇలాంటప్పుడు ప్లగ్ పీకేసి గంటసేపు వదిలేయాలి. చల్లారాక స్విచ్ వేస్తే మళ్లీ తిరుగుతుంది, కానీ తిరిగింది కదా అని పని మొదలుపెట్టకూడదు. ఫిల్టర్ మూసుకుపోయి ఉండగా వాడితే కటాఫ్ మళ్లీ మళ్లీ పడుతుంది, ఒక్కోసారి వైండింగ్ (మోటార్‌లోని తీగచుట్టలు) మీద వార్నిష్ మాడి ఆ వాసన ఇంకెప్పటికీ పోదు. ఆ సాయంత్రం మా భయమంతా ఆ వాసన వస్తుందేమోనని. రాలేదు.

సైక్లోన్ మెషీన్‌లో దుమ్ము దారి తెలిస్తే ఎక్కడ ఏం పేరుకుంటుందో అర్థమవుతుంది. గొట్టంలోంచి వచ్చిన గాలి డబ్బాలో గిరగిరా తిరుగుతుంది. ఇసుక, వెంట్రుకలు, బిస్కెట్ పొడి లాంటి బరువైనవి ఆ తిరుగుడికి అంచుకి కొట్టుకుని కింద పడతాయి. గాలి మధ్యలో ఉన్న చిల్లుల గొట్టంలోంచి పైకి పోతుంది. అక్కడ స్పాంజి ఫిల్టర్, దాని వెనక దట్టమైన గుడ్డలాంటి తెల్ల పొర. ఈ రెండూ మోటార్‌ని కాపాడేవి. తర్వాత మోటార్. మోటార్ దాటాక, గాలి గదిలోకి వచ్చేముందు, బాగా సన్నటి దుమ్ముని కూడా ఆపే హెపా ఫిల్టర్. పుట్టీలో ఉండేది తెల్ల సిమెంటు, బాగా నూరిన రాతిపొడి, పట్టు కోసం కలిపే పాలిమర్. రుద్దినప్పుడు రాలే పొడి ఎంత మెత్తగా ఉంటుందంటే, తిరుగుడికి అది అంచుకి పోదు, గాలితో పాటే పైకి వచ్చేస్తుంది. డబ్బాలో చూస్తే సగం కూడా నిండలేదు, మెషీన్ మాత్రం ఊపిరాడక ఆగిపోయింది. డబ్బా గీత దాకా నిండలేదు కాబట్టి ఫిల్టర్ బాగానే ఉందనుకోవడం ఇక్కడ పనికిరాదు.

మర్నాడు పొద్దున బాల్కనీలో పెట్టి విప్పాం. ఎన్95 మాస్కు తప్పనిసరి. పుట్టీ మాత్రమే అయితే చర్మానికి, కళ్లకి మంట. గోడలకి డ్రిల్లింగ్ కూడా చేయించి ఉంటే కాంక్రీటు పొడిలో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తుల్లో దిగితే మళ్లీ బయటికి రాదు. కింద పాత వార్తాపత్రికలు పరిచి, వాటి మీద కొంచెం నీళ్లు చిలకరించుకుంటే రాలిన పొడి గాలికి లేవదు. డబ్బాని చెత్తబుట్టలో కుమ్మరించకుండా, ప్లాస్టిక్ సంచీ నోరు డబ్బా చుట్టూ గట్టిగా పట్టుకుని లోపలే తిప్పేసి, ఒక్క నిమిషం ఆగి తీయాలి. పొడి కుదురుకోవడానికి ఆ నిమిషం.

స్పాంజి తీయగానే ముందు చూడాల్సింది దాని రెండో వైపు, అంటే మోటార్ వైపు. అటు పక్క శుభ్రంగా ఉంటే ఫిల్టర్ తన పని చేసింది, మోటార్ క్షేమం. మా దాంట్లో ఒక మూల మాత్రం సన్నటి తెల్లగీత కనిపించింది. స్పాంజి చుట్టూ ఉండే రబ్బరు అంచు ఆ మూల మడతపడి ఉంది. గాలి ఫిల్టర్‌లోంచి పోవడానికి కష్టపడుతున్నప్పుడు ఎక్కడ సందు దొరికితే అక్కడినుంచి దూరుతుంది. ఫిల్టర్ ఎంత మూసుకుపోతే ఆ సందులోంచి అంత గట్టిగా లాగుతుంది. కాబట్టి కొంత పొడి మోటార్‌లోకి పోయింది. ఆ గీత చూశాక మాత్రం గుండె జారింది.

ఇక్కడే చాలామంది చేసే పని: స్పాంజి నేరుగా కొళాయి కింద పెట్టేయడం. మామూలు ఇంటి దుమ్ముకైతే ఏమీ కాదు. పుట్టీకి మాత్రం నీళ్లు ఆఖరి మెట్టు. సిమెంటు, పాలిమర్ ఉన్న పొడి తడిస్తే ముద్ద అవుతుంది, స్పాంజి రంధ్రాల్లోనే ఆరితే గట్టిపడుతుంది, తర్వాత ఎంత పిండినా రాదు. ముందు పొడిగా ఉన్నప్పుడే వీలైనంత దులపాలి. మురికి వైపు కిందికి ఉంచి, వెనక నుంచి అరచేత్తో తట్టాలి. మురికి వైపు నుంచి ఊదినా, బ్రష్‌తో రుద్దినా పొడి ఇంకా లోపలికి దిగుతుంది. దులిపిన ప్రతిసారీ వంటింటి డిజిటల్ కాటా మీద తూచాం. తీసినప్పుడు స్పాంజి, గుడ్డపొర కలిపి 71 గ్రాములు. తట్టి తట్టి ఇక రాలడం ఆగాక 34. ముప్పావుగంట పట్టింది, నలభై గ్రాములకి దగ్గరగా పొడి నీళ్లు తగలకుండానే పోయింది.

చిల్లుల గొట్టానికి చుట్టుకున్న వెంట్రుకల్ని కత్తెరతో నిలువునా ఒక కోత కోసి ట్వీజర్‌తో లాగితే వచ్చేస్తాయి. చిల్లుల్లో ఇరుక్కున్న పొడికి పాత టూత్‌బ్రష్ చాలు. డబ్బా గోడలకి పట్టిన తెల్లపొడి మాత్రం పొడిగుడ్డతో పోదు, తుడిచేకొద్దీ ప్లాస్టిక్‌లో స్టాటిక్ (రాపిడికి పుట్టే విద్యుత్తు) పెరిగి ఇంకా అంటుకుంటుంది. తడిగుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి.

తర్వాత హెపా. దీని ఫ్రేము మీద ఏం రాసి ఉందో చదవకుండా నీళ్ల దగ్గరికి తీసుకెళ్లొద్దు. హెపాలో రెండు మూడు రకాల పదార్థాలు వాడతారు. గాజునారతో చేసిన కాగితమైతే తడిస్తే మడతలు బలహీనపడి చిరుగుతుంది, చిరుగు కంటికి కనపడకపోవచ్చు. పాలీప్రొపిలీన్ నారతో చేసిన వాటిలో చాలావరకు నారకి స్టాటిక్ చార్జ్ ఎక్కించి ఉంటారు, సన్నటి దుమ్ముని పట్టుకోవడంలో ఆ చార్జ్‌దే పెద్ద పాత్ర. సబ్బునీళ్లు, స్పిరిట్ తగిలితే చార్జ్ పోతుంది. ఫిల్టర్ చూడటానికి తెల్లగా కొత్తదానిలా మెరుస్తుంది, దుమ్ము మాత్రం దాటిపోతుంటుంది. కడగొచ్చు అని ఫ్రేము మీదో, మాన్యువల్‌లోనో స్పష్టంగా ఉంటేనే, అదీ ఉత్త చల్లనీళ్లతోనే. మా దాని మీద హెచ్13 అని ఉంది, కడగొచ్చన్న మాట లేదు. హెచ్13 అంటే అన్నిటికన్నా తేలిగ్గా జారిపోయే సైజు రేణువుల్లో 99.95 శాతాన్ని ఆపాలి. ఆ సైజు సాధారణంగా 0.1 నుంచి 0.3 మైక్రాన్ల మధ్య ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అంతకన్నా చిన్నవి గాలిలో అటూ ఇటూ ఊగుతూ నారకి తగిలి ఆగిపోతాయి, పెద్దవి నేరుగా గుద్దుకుని ఆగిపోతాయి, మధ్యవే మొండివి.

ఆ హెపా నల్లగా ఉంది. ఇంట్లో తెల్ల దుమ్ము, ఫిల్టర్ మీద నలుపు ఏంటని అనుమానం రావడం సహజం. అది మోటార్‌లో తిరిగే భాగానికి ఆనుకుని కరెంటు అందిస్తూ అరిగే కార్బన్ బ్రష్‌ల పొడి. మోటార్ తర్వాత ఫిల్టర్ పెట్టడానికి ఒక కారణం అదే. తట్టి దులిపితే కొంత రాలింది, కానీ నాలుగేళ్ల తర్వాత దాన్ని బతికించాలని చూడటం అనవసరం. కొత్తది ఆర్డర్ చేశాం, 890 రూపాయలు. ఐదు రోజుల్లో వస్తుందన్నారు, స్టాకు లేదంటూ జూలై రెండో వారం దాకా జరిపారు.

ఈలోగా మోటార్ సంగతి. సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే మనిషి వచ్చినందుకు 450. మూత కూడా తీయకుండానే మోటార్ మార్చాలి, 3,200 అవుతుందన్నాడు. శబ్దం విని చెప్పేశాడు. విప్పి చూడకుండా మోటార్ పోయిందని తేల్చేవాళ్ల మాట అక్కడితో వదిలేయొచ్చు. పోయిన మోటార్‌కి గుర్తులు వేరేగా ఉంటాయి: గరగరమనే బేరింగు చప్పుడు, చేత్తో తిప్పితే ఇరుసు పట్టేయడం, కార్బన్ల దగ్గర చుట్టూ పెద్ద మంటలాంటి నిప్పురవ్వలు. మెషీన్‌ని మా వీధి చివర మోటార్ వైండింగ్ షాపుకి తీసుకెళ్లాం. అక్కడ విప్పితే ఫ్యాన్ రెక్కల మీద పల్చటి తెల్లపూత, బేరింగులు బాగున్నాయి, కార్బన్లు రెండూ అరిగి చాలా పొట్టిగా అయ్యాయి. కార్బన్ అరిగిపోయి వెనకున్న స్ప్రింగ్ కమ్యుటేటర్‌కి (కార్బన్లు ఆనుకుని ఉండే, తిరిగే రాగి భాగం) తగిలితే అప్పుడు నిజంగానే మోటార్ మార్చాలి, కాబట్టి ఈ విప్పడం మంచికే వచ్చింది. జత 180 రూపాయలు, కూలీ 250. అరిగిన పాత కార్బన్ చేతిలో పెట్టుకుని వెళ్తే కోఠి ట్రూప్ బజార్‌లో అదే సైజు వెతికి ఇస్తారు, మా షాపతను మాత్రం తన డబ్బాలోంచే తీశాడు. కొత్త కార్బన్లు మొదట కొంచెంసేపు రవ్వలు రాలుస్తాయి, కమ్యుటేటర్ వంపుకి సర్దుకునేదాకా. కంగారు పడక్కర్లేదు.

ఆ షాపులోనే పాత హెపాని కూడా కంప్రెసర్‌తో ఊదేస్తానన్నాడు. వద్దన్నాం. పంక్చర్ షాపుల్లోనూ ఇదే మాట వినిపిస్తుంది. ఆ ఒత్తిడికి మడతల మధ్య కాగితం చిట్లుతుంది, పైగా కంప్రెసర్ ట్యాంకులో అడుగున చేరిన నీళ్లు, నూనె తుంపర్లు గాలితో వచ్చి ఫిల్టర్ మీద పడతాయి. మోటార్‌ని ఊదడానికి అదే గాలి భేష్, ఫిల్టర్‌కి కాదు.

స్పాంజిని కడిగింది జూలై మొదటి వారంలో. అర బకెట్ చల్లనీళ్లు, అంటే దాదాపు ఎనిమిది లీటర్లు. ముంచి, అరచేతుల మధ్య నొక్కి వదలాలి, మెలితిప్పి పిండితే స్పాంజి అంచులు చిరుగుతాయి, గుడ్డపొర సాగిపోయి మళ్లీ చట్రంలో కూర్చోదు. కొళాయి కింద పెట్టేటప్పుడు శుభ్రంగా ఉన్న వైపు నుంచి నీళ్లు పోయాలి, మురికి వచ్చిన దారినే పోవాలి. సబ్బు, సర్ఫ్, వేడినీళ్లు వద్దు. వేడికి జిగురు వదులుతుంది, సబ్బు పూర్తిగా పోదు, మిగిలిన జిడ్డు మీద దుమ్ము ఇంకా తొందరగా అతుక్కుంటుంది. మొదటి నీళ్లు మజ్జిగలా వచ్చాయి. తేటగా వచ్చేదాకా నీళ్లు మార్చాలి. ఆ బకెట్లని సింకులో పారబోస్తే కింద వంపులో పుట్టీ గడ్డకట్టి ప్లంబర్‌ని పిలవాల్సి వస్తుంది. రాత్రంతా కదలకుండా ఉంచితే పుట్టీ అడుక్కి దిగుతుంది, పైతేట మోరీలో పోసి, అడుగు ముద్ద ఆరాక చెత్తలో వేశాం. మొక్కలకి పోయొద్దు, సిమెంటు నీళ్లలో క్షారం ఎక్కువ.

చివరిసారి జాడించడం మాత్రం తాగే ఆర్వో నీళ్లతో, లీటరు సరిపోతుంది. మా అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లు, బకెట్ ఆరితే అడుగున తెల్లటి పొర కడుతుంది. అదే ఉప్పు స్పాంజిలో ఆరితే సన్నటి తెల్లపొడిగా మిగిలి, పుట్టీ ఇంకా పోలేదేమోనని మళ్లీ కడిగేలా చేస్తుంది. ఆర్వో మెషీన్ బయటికి వదిలే వేస్టు నీళ్లు ఈ పనికి వాడొద్దు, వాటిలో ఉప్పు బోరు నీళ్లకన్నా ఎక్కువ.

కడగడం అంతా కలిపి అరగంట పని. ఆరబెట్టడమే అసలు పరీక్ష. మాన్యువల్‌లో 24 గంటలు అని ఉంటుంది. అది పొడి వాతావరణానికి రాసిన లెక్క, జూలైలో హైదరాబాద్‌కి వర్తించదు. నొక్కి తీసి తూచినప్పుడు 62 గ్రాములు. బాల్కనీలో జల్లెడ మీద నిలబెట్టి ఒక పగలూ రాత్రీ వదిలితే 41. బయట ముసురు, గాలే తడిగా ఉంటే స్పాంజి ఎక్కడ ఆరుతుంది? లోపలికి తెచ్చి టేబుల్ ఫ్యాన్ ఎదురుగా, మధ్యలో జానెడు దూరం వదిలి పెడితే మర్నాటికి 27. చేత్తో తాకితే పొడిగానే ఉంది. ఎవరైనా బిగించేస్తారు. ఇంకో రాత్రి ఏసీ గదిలో ఉంచి తూచితే 24, మధ్యాహ్నం మళ్లీ 24. బరువు మారడం ఆగినప్పుడే ఆరినట్టు. ఆ మూడు గ్రాముల తేమ గుడ్డపొర లోపల ఉంటుంది, వేలికి దొరకదు. ఆ తడితో వేస్తే వచ్చిన దుమ్ము బురదగా మారి రంధ్రాలు మూస్తుంది, రెండు వారాలకి తడిసిన గోనెసంచీ వాసన మొదలవుతుంది, ఆ వాసన వచ్చాక కడిగినా పోదు, మార్చాల్సిందే. ఎండలో పెడితే తొందరగా ఆరుతుంది కదా అంటే, ఎండకి స్పాంజి పచ్చబడి కొన్నాళ్లకి పొడిపొడిగా రాలుతుంది, ఆ రాలినది నేరుగా మోటార్‌లోకే. హెయిర్ డ్రయ్యర్, స్టవ్ పక్కన పెట్టడం, ఓవెన్ ఆలోచనే వద్దు. ఇల్లంతా రంగుల దుమ్ముతో ఉండగా ఒక స్పాంజి ఆరడం కోసం రోజుల తరబడి ఎదురుచూడటం చిరాకే. ఆ చిరాకులోనే స్పేర్ స్పాంజి సెట్ ఒకటి 320 పెట్టి ఆర్డర్ చేశాం, అసలు మొదటి నుంచీ ఉండాల్సింది అది.

కొత్త హెపా వచ్చేలోపు, దొరికిందని దగ్గరి దుకాణంలో 450 రూపాయల నకలు ఒకటి తెచ్చి చూశాం. చూపుకి అచ్చం అలాగే ఉంది. తేడా అంచు రబ్బరులో. దీన్ని పట్టుకోవడానికి తేలికైన పరీక్ష: అంగుళం వెడల్పు కాగితం ముక్కని ఫిల్టర్ అంచుకీ చట్రానికీ మధ్య పెట్టి మూత బిగించి లాగాలి. పట్టి ఉంచితే సరే, సర్రున జారి వస్తే అక్కడ గాలి పక్కనుంచి పోతుంది. నాలుగు వైపులా చూడాలి. నకలు రెండు వైపులా జారింది, తిరిగిచ్చేశాం. ఫిల్టర్ కాగితం ఎంత గొప్పదైనా పక్కనుంచి గాలి పోతే అది ఉత్త అలంకారం.

జూలై రెండో వారంలో అన్నీ బిగించాక, గొట్టం పెట్టకుండా ఐదు నిమిషాలు ఖాళీగా నడిపాం. మొదటి నిమిషంలో కొత్త కార్బన్ల వాసన కొంచెం. తర్వాత గొట్టం చివర నేల మీది ఏ4 కాగితానికి పైనుంచి నెమ్మదిగా దించుతూ, కాగితం ఎంత ఎత్తులో ఎగిరి అతుక్కుంటుందో చూశాం. నాలుగు వేళ్ల ఎత్తు. ఈ కొలత రాసి పెట్టుకోవాలి. తర్వాత ఎప్పుడైనా అది రెండు వేళ్లకి తగ్గితే, డబ్బా నిండినా నిండకపోయినా, ఫిల్టర్ తీయాల్సిన వేళ అయింది. కార్డ్‌లెస్ మెషీన్ అయితే ఇంత శ్రమ లేదు, కొన్ని మోడళ్లు గాలి అందకపోతే ఆగి ఆగి దడదడమంటాయి. అది బ్యాటరీ సమస్య అనుకుని కొత్త బ్యాటరీ కొనేవాళ్లున్నారు.

పుట్టీ, సిమెంటు, డ్రిల్లింగ్ పొడి, ముగ్గుపిండి, మైదా, టాల్కం పౌడర్, హోమం బూడిద ఇవన్నీ ఒకే జాతి. సంక్రాంతి ముగ్గు మిగిలిందని గుమ్మం ముందు సంచీ లేని మెషీన్ వేస్తే పుట్టీ కథే. వీటికి తడిగుడ్డ, బకెట్. తప్పనిసరైతే కాగితం సంచీ ఉన్న మెషీన్, పని కాగానే సంచీ పడేయాలి. తడీ పొడీ రెండూ లాగే డ్రమ్ము రకంలో నీళ్లు లాగేముందు కాగితం సంచీ, మడతల ఫిల్టర్ తీసి స్పాంజి తొడుగు వేయాలి, మళ్లీ పొడికి మారేముందు డ్రమ్ము ఆరాలి. ఈ మార్పిడి బద్ధకించే చోటే ఎక్కువ ఫిల్టర్లు పోతాయి.

మా ఇంట్లో మిగిలిన పుట్టీని చివరికి రెండుసార్లు తడిగుడ్డ పెట్టి తీశాం, ఆరాకే మెషీన్ వేశాం. ఇప్పుడు వాడిన ప్రతిసారీ డబ్బా ఖాళీ, వారానికోసారి స్పాంజి తట్టడం, నెలకోసారి కడగడం. హెపా ఫ్రేము మీద మార్కర్‌తో మార్చిన నెల రాసి ఉంది, ఏడాదికి మారుస్తాం. స్పాంజిలు రెండూ వంతులవారీగా. ఆగస్టులో మార్చినప్పుడు స్పేర్ 23 గ్రాములు తూగింది, తీసినది 29. ఇప్పుడది ఫ్యాన్ ముందు జల్లెడ మీద ఆరుతోంది, కాటా ఇంకా 25 చూపిస్తోంది.